ఊడిన చాసిస్ ప్లేటు బదులు కొత్తది కొట్టించవచ్చా?

ప్రశ్న: 1995 మోడల్ మారుతి 800 కొని బాగు చేయిస్తున్నాను. ఆర్సీ నా పేరు మీదకు మారింది. పాత పెయింట్ గీకుతుంటే బానెట్ కింద చాసిస్ నంబరున్న చిన్న రేకు ప్లేటు, రివెట్లు తుప్పు పట్టి ఊడిపోయింది. పైగా ఇంజన్ నంబరు ఇంజన్ మీద ‘ఎఫ్8బి’తో మొదలైతే, ఆర్సీలో ‘ఎఫ్88’ అని ఉంది. మిగతా అంకెలు సరిపోయాయి. కొత్త ప్లేటు కొట్టించి, ఇంజన్ మీద అక్షరం కూడా ఆర్సీ ప్రకారం దిద్దేద్దామని మెకానిక్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండు పనులూ చేయించకండి. మెకానిక్‌కి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ దొంగ బండ్లు చేతులు మార్చేవాళ్లు చేసేది కూడా ఇదే. రేపు ఎవరైనా తనిఖీ చేస్తే నిజాయితీగా కొన్న మీరే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ప్లేటు ఒక లేబుల్ లాంటిది. అసలు గుర్తింపు బాడీ లోహంలో పంచ్ చేసిన నంబరే. ఆ చోట గ్రైండర్ పెట్టనివ్వకండి. మెత్తటి బ్రష్‌తో తుప్పు దులిపి, టార్చి పక్కవాటుగా వేస్తే అంకెలు తేలతాయి. పైన తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. అది పాత ప్లేటుతో, ఆర్సీతో అంకె అంకెకూ సరిపోతే ఆ పాత ప్లేటునే మళ్లీ బిగించండి. బిగించే ముందూ తర్వాతా ఫొటోలు తీయండి. లోహంలోని అంకెలే చెరిగిపోయి ఉంటే, ఆర్టీఓ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఎవరితోనూ పంచ్ చేయించవద్దు.

ఇక ఇంజన్. మీ కారులోని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌కు కంపెనీ కోడే ఎఫ్8బి. కాబట్టి తప్పు ఇంజన్ మీద లేదు, ఆర్సీలో ఉంది. ‘బి’ని ‘8’గా చదివి రాసుకున్నట్టున్నారు. అయినా చిన్న తప్పే కదా అని వదిలేయకండి. బండి మీది ఇంజన్ లేదా చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోకపోతే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 55(5) చెబుతోంది. ప్రమాదం జరిగితే బీమా సర్వేయర్ చూసేది కూడా ఈ నంబర్లనే. పెన్సిల్ ప్రింట్, ఫొటోలు, పాత ఆర్సీ కాపీ, దొరికితే మొదటి ఇన్‌వాయిస్ జతచేసి, ఆర్సీ సవరణకు మీ ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. బండిని ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూడాల్సి ఉంటుంది.

మిగతా అంకెలు కూడా వేరుగా ఉండి ఉంటే ఇంజన్ మార్చారని అర్థం. అది సెక్షన్ 52 కిందకు వస్తుంది, ముందస్తు అనుమతి కావాలి. మీకు ఆ ఇబ్బంది లేదు.

ఈ కారుకు 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి. ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అప్పుడూ నంబర్లు సరిచూస్తారు. అందుకే సవరణ అయ్యాకే ఆఖరి పెయింట్ వేయించండి. వేసే రోజు నంబరున్న చోట మాస్కింగ్ టేప్ అంటించమని దగ్గరుండి చెప్పండి, మందపాటి కోటు పడితే ఆ సన్నటి గాడులు పూడిపోతాయి.