చెరోకీ ఊరికి బయల్దేరే ముందు

అమ్మలూ,

అక్టోబరులో పిల్లల్ని తీసుకుని నార్త్ కరొలైనాలోని చెరోకీ ఊరికి వెళ్తున్నామని, ఏమేం చూడాలో చెప్పమని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

జార్జియాలో మీ కమ్మింగ్ నుంచి తిన్నగా వెళ్తే మూడు గంటల్లో చెరోకీ చేరిపోతారు. అలా వెళ్ళొద్దు. మూడు రోజులు పెట్టుకుని న్యూ ఎకోటా నుంచి మొదలుపెట్టండి. మీరు ఇల్లు కట్టుకున్న ఆ నేల ఒకప్పుడు చెరోకీలదే, అక్కడి ఆదివాసీ తెగవాళ్ళది. 1832లో జార్జియా ప్రభుత్వం వాళ్ళ భూముల్ని ముక్కలుగా కొలిపించి, లాటరీ తీసి తెల్లవాళ్ళకి పంచిపెట్టింది. మీ ఫోర్సైత్ కౌంటీ పుట్టింది ఆ ఏడాదే. మనవాళ్ళు ఇన్ని వేలమంది అక్కడ స్థిరపడ్డాం కదా, ఈ సంగతి పిల్లలకి మీ నోటితో చెప్పిన తర్వాతే కారు ఎక్కించండి.

న్యూ ఎకోటా కాల్హూన్ ఊరి పక్కనే. 1825లో చెరోకీ నేషన్ రాజధానిగా కట్టుకున్న ఊరు. వాళ్ళ శాసనసభ, సుప్రీంకోర్టు భవనాల్ని మళ్ళీ కట్టి చూపిస్తారు. అచ్చాఫీసు దగ్గర మాత్రం తొందరపడకండి. 1828 ఫిబ్రవరి 21న 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక మొదటి సంచిక వెలువడింది ఆ ఊళ్ళోనే, చెరోకీ, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ. అదే ఊళ్ళో 1835 డిసెంబరులో, ఎన్నికైన నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోకపోయినా, కొద్దిమంది చేత భూములు వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆ కాగితం చూపించి 1838లో సైనికులు ఇళ్ళ మీదికొచ్చారు. సుమారు పదహారు వేలమందిని ఇప్పటి ఓక్లహామాకి తోలేశారు, దాదాపు నాలుగు వేలమంది ప్రాణాలు పోయాయని అంచనా. పెద్దాడికి పదేళ్ళు నిండాయి, వాడి దగ్గర ఇది దాచక్కర్లేదు. చిన్నదానికి నువ్వే తగ్గించి చెప్పు.

దారిలో, టెన్నెసీ సరిహద్దు దాటగానే రెడ్ క్లే పార్కులో ఒక అరగంట ఆగండి. జార్జియా తమ గడ్డమీద సభలు జరుపుకోనివ్వకపోతే చెరోకీలు వెళ్ళి సమావేశమైన చోటది. నీలంగా, లోతుగా ఒక ఊట ఉంటుంది. 1984లో ఇక్కడే మిగిలిపోయిన తూర్పు చెరోకీలు, ఓక్లహామా చెరోకీలు మళ్ళీ కలిసి సభ జరిపింది అక్కడే. ఆనాడు వెలిగించిన జ్వాల పార్కులో ఉంది.

ఆ రాత్రికి వొనోర్ వైపు బస చూసుకుని, పొద్దున్నే, చెరోకీ లిపిని తయారుచేసిన సెక్వోయా పేరున్న మ్యూజియానికి వెళ్ళండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇన్నేళ్ళు పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించిన దాన్ని, నాకు మాత్రం ఈ దారి మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. సెక్వోయాకి ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్ళు కాగితం మీద మాటలు పంపుకోవడం చూసి, మనకెందుకు ఉండకూడదని పట్టుపట్టాడు. మొదట మాటకొక బొమ్మ గీశాడు, అవి లెక్కకి మించిపోయాయి. అప్పుడు మాటల్ని విడగొట్టి, పలికే ముక్కకొక గుర్తు పెట్టాడు. 1821 నాటికి లిపి తయారైంది, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 గుర్తులు. ఇంగ్లీషు డబ్ల్యూలా కనిపించేదాన్ని వాళ్ళు 'లా' అని, హెచ్‌లా ఉన్నదాన్ని 'మి' అని చదువుతారు.

పిల్లల్ని గోడ మీది పట్టిక ముందు నిలబెట్టి 'గ' వరస చూపించు. మనకి గ, గి, గు అంటే ఒకే గకారం, తలకట్టు తీసి గుడి పెడతాం, కొమ్ము తగిలిస్తాం. వాళ్ళకి గుణింతం లేదు, ప్రతిదీ విడి గుర్తే. ఆ తేడా పెద్దాడు తనంతట తనే పట్టుకోవాలి, నువ్వు ముందే చెప్పేయకు.

అక్కణ్ణుంచి టెలికో ప్లెయిన్స్ వెళ్ళి చెరోహాలా స్కైవే ఎక్కండి. సుమారు 43 మైళ్ళు, 5,000 అడుగుల ఎత్తు దాటుతుంది. మధ్యలో పెట్రోలు బంకు ఒక్కటీ లేదు, ఫోన్ సిగ్నల్ కూడా నమ్మడానికి లేదు. ఒకసారి మేం సగం ట్యాంకుతో ఎక్కాం. పైన మంచు కమ్మి, బండి నత్తనడక నడిచి, రాబిన్స్‌విల్ చేరేసరికి ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. మీ పెదనాన్న ఆ గంటసేపూ నోరు విప్పలేదు. అల్లుడుగారికి చెప్పు, ట్యాంకు నిండా కొట్టించి, మ్యాపు ఫోన్లోకి దించుకునే ఎక్కాలి. మలుపుల్లో చిన్నదానికి కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ దగ్గర పెట్టుకో. పులిహోర మాత్రం కొండ దిగాకే.

బ్రైసన్ సిటీ దాటి చెరోకీకి వెళ్తుంటే రోడ్డు పక్క విశాలమైన పొలం, మధ్యలో చిన్న దిబ్బ. అది కిటువా, వాళ్ళ తల్లి ఊరు. చేజారిన ఆ నేలని 1996లో తెగవాళ్ళే డబ్బిచ్చి తిరిగి కొనుక్కున్నారు. దిబ్బ ఎక్కనివ్వకు, మన గుడి అనుకోమను.

చెరోకీ ఊళ్ళో మొదట కనబడేవి దుకాణాలు, పెద్ద పెద్ద ఈకల కిరీటాలు, గుడారాలు. అవి చెరోకీల సంప్రదాయం కావు, పశ్చిమాన మైదానాల తెగలవి. తెలియక నేను కూడా మా పిల్లలకి ఆ కిరీటం పెట్టి ఫొటో తీశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వీళ్ళవి తడికలకి మట్టి మెత్తిన ఇళ్ళు. ఒకోనలఫ్టీ విలేజ్‌లో 1760ల నాటి ఊరిలా కట్టి చూపిస్తారు, చలికాలంలో మూసేస్తారు. అక్కడ ఏడు వంశాల గురించి అడగండి. మన గోత్రం లాగే ఒకే వంశంలో పెళ్ళి చేసుకోకూడదు. కానీ వంశం తల్లి నుంచి వస్తుంది.

చెరోకీ ఊళ్ళో ఉన్న మ్యూజియం ఎదురుగా క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉంది, 1946లో పనివాళ్ళు పెట్టుకున్న సహకార సంఘం. కొనేది ఏదైనా అక్కడే కొనండి. రివర్‌కేన్ బుట్టలు చూడు. అది అమెరికా గడ్డ మీదే పుట్టిన వెదురు. బద్దలు చీల్చి, గీకి, అక్రోటు వేళ్ళతో ముదురు గోధుమరంగు, బ్లడ్‌రూట్ దుంపతో నారింజ ఎరుపు అద్దుతారు. రెండు పొరలుగా అల్లిన బుట్ట లోపల వేలు పెట్టి తడిమితే లోపలొక బుట్ట, బయటొక బుట్ట తెలుస్తాయి, అతుకు మాత్రం దొరకదు. మన మేదరివాళ్ళ చేతులు గుర్తొచ్చాయి నాకు. ధర ఎక్కువే ఉంటుంది, బేరం ఆడొద్దు. అంత పెట్టలేకపోతే చిన్నది తీసుకో.

బీన్ బ్రెడ్ దొరికితే తినండి. మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తారు. మీద పంది కొవ్వు పోసే అలవాటుంది, ముందే అడగండి.

మూడోరోజు కువోహి శిఖరం, 6,643 అడుగులు. క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారే, అదే. తెగవాళ్ళు అడగ్గా 2024లో పాత పేరు తిరిగి పెట్టారు. ఆ శిఖరం ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో పావుగంట మించి బండి ఆపితే ట్యాగ్ కొనాలి, రోజుకి 5 డాలర్లు. కింద ఎండగా ఉందని స్వెట్టర్లు కారులో వదిలేయకండి.

ఎవరినైనా ఫొటో తీసే ముందు అడగమను. కలిసినప్పుడు 'సియో' అనాలి, అంటే పలకరింపు. సెలవు తీసుకునేటప్పుడు 'స్గీ' అనాలి, అంటే ధన్యవాదం. ఆ భాష ఇప్పుడు పుట్టుకతో మాట్లాడేవాళ్ళు చాలా తక్కువమంది మిగిలారు. న్యూ కిటువా అకాడమీ అని బడి పెట్టి పసిపిల్లలకి మళ్ళీ నేర్పుతున్నారు. చిన్నదాని చేత ఆ రెండు మాటలూ కారులోనే నాలుగుసార్లు అనిపించు, దానికి పలకడం సరిగ్గా వస్తుంది.

మీ పెద్దమ్మ