వానాకాలంలో మా షాక్ టన్నెల్ మాక్ నంబరు ఎక్కువ చూపిస్తోంది, తేమ వల్లేనా?

కాకినాడలో మీ షాక్ టన్నెల్ (షాక్ తరంగంతో గాలిని నొక్కి, ధ్వని కంటే ఎన్నో రెట్ల వేగంతో వదిలే పరీక్షా యంత్రం) సంక్రాంతికి మాక్ 8.0, అంటే ధ్వనికి ఎనిమిది రెట్ల వేగం, ఇచ్చిందనీ, ఇప్పుడు అదే ఫిల్లింగ్‌కి 8.2 వస్తోందనీ అన్నారు. డ్రివెన్ ట్యూబులో (షాక్ పరిగెత్తే గొట్టం) గది గాలినే 10 కిలోపాస్కల్స్‌కి దించుతున్నారు, పీ5ని, అంటే షాక్ గొట్టం చివర కొట్టి తిరిగొచ్చాక నాజిల్ ముందు ఉండే పీడనాన్ని, షాక్ వేగం నుంచి లెక్కేస్తున్నారు. అందరూ ముందు తేమనే తిడతారు గానీ, మీరు వాక్యూమ్ గేజ్ చూడండి.

ముల్లు గేజ్ చూపించేది బయటి గాలికీ లోపలి గాలికీ ఉన్న తేడానే. జనవరి నుంచి జూలైకి మన తీరంలో బారోమీటరు దాదాపు 10 మిల్లీబార్లు దిగుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఇంకా దిగుతుంది. 10 మిల్లీబార్లంటే 1 కిలోపాస్కల్. ముల్లు పాత గీత మీదే ఆగినా ట్యూబులో ఉన్నది 9 మాత్రమే. మీరు 10 అనుకుని లెక్కేసిన పీ5 అసలుకంటే పది శాతం పైనే ఎక్కువ. మాక్‌ని తీసేది పిటో పీడనాన్ని (ప్రవాహానికి ఎదురుగా పెట్టిన గొట్టంలో కొలిచేది) పీ5తో భాగించే కదా; మాక్ 8 దగ్గర పిటో పీడనం పీ5లో 0.0085 వంతు. ఆ నిష్పత్తి 1 శాతం తగ్గితే మాక్ 0.22 శాతం పెరుగుతుంది. మీ 8.2 అలా వచ్చిందేనండి.

తేమ పాత్ర చిన్నది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉంటే ధ్వని వేగం అర శాతం పెరుగుతుంది. పొడిగాలి విలువ, అంటే సెకనుకు 349 మీటర్లు, వాడితే పీ5 ఒకటిన్నర శాతం ఎక్కువ వస్తుంది. ఎండాకాలమూ మనకి ఉక్కపోతే కాబట్టి ఇది దాదాపు ఏడాదంతా ఉండే తప్పు. ట్యూబును ఖాళీ చేసి సిలిండర్ పొడిగాలి నింపండి, ఇలా రెండుసార్లు చేస్తే చాలు.

అబ్సల్యూట్ గేజ్ పెట్టండి. పంపు వాల్వు మూసి పది నిమిషాలు చూడండి, పీడనం పెరుగుతుంటే ఓ-రింగులు చూసుకోవాలి. పీ5ని లెక్కించకండి, నాజిల్‌కి ముందు సెన్సర్ పెట్టి కొలవండి. అల్యూమినియం డయాఫ్రమ్ (పగిలి షాక్‌ని పుట్టించే రేకు) గాడి లోతు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పగిలే పీడనమూ మారుతుంది. అందుకే ఒక షాట్ పిటోని ఆ షాట్ పీ5తోనే భాగించాలి, సగటు పీ5తో కాదు. పిటో గ్రాఫులో నాజిల్ స్టార్టింగ్ దగ్గర పైకి లేచే మొనను వదిలేసి, చదునుగా ఉన్న భాగాన్నే తీసుకోండి.

షాక్ వేగం కొలిచే రెండు సెన్సర్లు 500 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, షాక్‌కి ఆ దూరం 410 మైక్రోసెకన్లు పడితే వేగం సెకనుకు 1220 మీటర్లు, షాక్ మాక్ 3.5. సెకనుకు పది లక్షల శాంపిళ్ల కంటే తగ్గకండి, అక్కడే ఒక్క శాంపిల్ 0.25 శాతం. 10 కిలోపాస్కల్స్‌కి పీ5 దాదాపు 7.9 బార్లు, పిటో 6.7 కిలోపాస్కల్స్ రావాలి. షాక్ రాకముందే బేస్‌లైన్ జారుతుంటే ఉప్పుగాలికి కనెక్టర్ లీకవుతోందన్నమాట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే బిగించండి.