టెక్ సందేహాలు: వాషర్ పంపు కొనేముందు బల్బు పెట్టి చూడండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. 2009 మోడల్ పికప్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొని అంబాజీపేటకు కొబ్బరికాయలు తోలుతున్నాను. వైపర్లు బాగానే ఆడుతున్నాయి కానీ లివర్ లాగితే అద్దం మీదకు నీళ్లు రావడం లేదు. మెకానిక్ మీటరు పెట్టి చూసి, కరెంటు 12 వోల్టులు వస్తోంది కాబట్టి నీళ్లు చిమ్మే వాషర్ పంపే పోయిందన్నాడు. కొత్తది నేనే వేసుకోవచ్చా? ఇంజిన్ కంప్యూటరు గుర్తించిన లోపాలను చదివి ఫోనులో చూపే ఓబీడీ స్కానర్ కొంటే అసలు లోపం తెలుస్తుందా?

జవాబు: పంపు మీరే వేసుకోవచ్చు. స్కానర్ మాత్రం కొనకండి. ఆ స్కానర్‌కు పనికొచ్చే ఏర్పాటు బండిలో ఉండాలన్న బీఎస్-4 (బండి పొగ మీద ప్రభుత్వ ప్రమాణం) దేశమంతటా అమల్లోకి వచ్చిందే 2017 ఏప్రిల్లో. మన ఊళ్లలో తిరిగే 2009 నాటి పికప్‌లలో చాలావాటికి ఆ స్కానర్ గుచ్చే సాకెట్టే ఉండదు. ఉన్నా లాభం లేదు. ఇలాంటి పాత బండిలో వాషర్ అంటే ఒక ఫ్యూజు, ఒక లివరు, రెండు వైర్లు, ఒక చిన్న మోటారు, అంతే. అది తిరిగిందో లేదో ఇంజిన్ కంప్యూటరుకు తెలియదు, ఫోనుకు చెప్పనూ లేదు.

ముందు చెవి పెట్టి వినండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఒకరిని లివర్ లాగమని మీరు బానెట్ దగ్గర నిలబడండి. 'జుయ్' మని మోటారు చప్పుడు వస్తుంటే పంపు తిరుగుతున్నట్టే. అప్పుడు లోపం నీళ్ల దారిలో ఉంది: నాజిల్ (అద్దం మీదకు నీళ్లు చిమ్మే సన్న రంధ్రం) పూడిపోయి ఉండాలి, లేదా పైపు ఊడి ఉండాలి, లేదా ఎండకు పగిలి ఉండాలి. పంపు దగ్గర పైపు పీకి లివర్ లాగితే నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. నాజిల్‌ను సన్నటి సూదితో మెల్లగా పొడవండి. గట్టిగా తిప్పారంటే రంధ్రం పెద్దదై, నీళ్లు అద్దం మీద కాకుండా టాపు మీదకు పోతాయి.

చప్పుడే రాకపోతే ఫ్యూజు చూడండి. పోయిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టె రేకు మడిచి పెట్టే అలవాటు మన డ్రైవర్లలో ఇంకా పోలేదు. ఆ పని చేయకండి. ఫ్యూజుల పెట్టె మూత మీద ఎన్ని ఆంపియర్లని ఉందో అదే వేయాలి. అదీ వెంటనే పోయిందంటే మోటారు పట్టేసినా పట్టేసి ఉండాలి, వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతూనైనా ఉండాలి.

ఇక మీ మెకానిక్ మీటరు సంగతి. ఇక్కడే చాలామంది అనవసరంగా పంపు మార్చేస్తారు. మల్టీమీటరు వోల్టులు కొలిచేటప్పుడు దాదాపు కరెంటే తీసుకోదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి కప్లర్ (పంపుకు వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) లోపలి ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. ఆ చిలుము సందుల్లోంచి కూడా మీటరుకు చాలినంత కరెంటు కారుతుంది, కాబట్టి 12 అని చక్కగా చూపిస్తుంది. కానీ పంపు తిరగాలంటే మూడు నాలుగు ఆంపియర్ల దాకా కావాలి. అంత ఆ చిలుములోంచి రాదు. పంపు తగిలించగానే వోల్టేజి పడిపోతుంది, మోటారు కదలదు, నింద పంపు మీద పడుతుంది.

అందుకని మీటరు పక్కన పెట్టి, పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టండి. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే పంపు చేసే పనిలో సగమైనా అదీ చేస్తుంది. పంపు కప్లర్ పీకి, దాని రెండు పిన్నులకు బల్బు వైర్లు తగిలించి లివర్ లాగించండి. బల్బు జిగేలుమంటే కరెంటు బాగుంది, పంపే పోయింది. మినుకుమినుకుమంటే చిలుమో, సగం తెగిన వైరో ఉంది. అసలు వెలగకపోతే బల్బు వైరు ఒకటి తీసి, రంగు లేని బాడీ ఇనుముకు ఆనించి మళ్లీ లివర్ లాగించండి. అప్పుడు వెలిగితే ఎర్తు వైపు లోపం. అప్పటికీ వెలగలేదంటే రెండో పిన్నుతోనూ అలాగే చూడండి. దానికీ వెలగకపోతే లివర్ స్విచ్చో, దాని వెనక వైరో చూడాలి. చిలుమైతే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్నులు వదులయ్యాయేమో చూసి బిగించండి. పైసా ఖర్చు లేకుండా పని అయిపోయిన బండ్లు చాలా ఉన్నాయి.

పంపే పోయిందని తేలితే మార్చడం పది నిమిషాల పని. కొన్ని బండ్లలో వాషర్ బాటిల్ బానెట్ కిందే కనిపిస్తుంది. కొన్నిటిలో ముందు చక్రం మడ్‌గార్డ్ లోపల దాక్కుని ఉంటుంది, చక్రం పూర్తిగా ఒక పక్కకు తిప్పి ప్లాస్టిక్ కవరు ఊడదీయాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కింద బకెట్ పెట్టి పైపు పీకితే నీళ్లు కారిపోతాయి. పంపును స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా, చేత్తో అటూ ఇటూ ఊపుతూ లాగండి. అది బాటిల్ రంధ్రంలో ఉండే గ్రోమెట్ అనే రబ్బరు రింగులో బిగిసి ఉంటుంది, మరలు ఏమీ ఉండవు. గ్రోమెట్ గట్టిపడి పగుళ్లు తేలి ఉంటే దాన్నీ మార్చాలి, లేదంటే కొత్త పంపు పక్క నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు, ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

షాపులో అడిగేటప్పుడు పాత పంపు చేత్తో పట్టుకెళ్లండి. మీది 12 వోల్టుల బండి. లారీలకు వేసే 24 వోల్టుల పంపు చూడ్డానికి అలాగే ఉంటుంది, మీ బండికి వేస్తే నీళ్లు చుక్కచుక్కగా వస్తాయి. కప్లర్ కలవని పంపు కొని వైర్లు కోసి కలిపారనుకోండి, ప్లస్ మైనస్ తారుమారైనా మోటారు తిరుగుతుంది కానీ వెనక్కి తిరుగుతుంది, ధార బలహీనంగా వస్తుంది. అప్పుడు వైర్లు మార్చి చూడండి. కలిపిన చోట ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఆ ఉప్పు గాలికి ఆరు నెలలు ఆగదు. వేడి చేస్తే ముడుచుకుని వైరును బిగపట్టే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి.

ప్రశ్న: ఆకివీడు వైపు రొయ్యల బండి మాది. వాషర్ పంపు ఎన్నిసార్లు మార్చినా ఏడాది తిరగదు. కంపెనీ మారిస్తే మేలా?

జవాబు: కంపెనీ కన్నా ముందు బాటిల్లో ఏం పోస్తున్నారో చూడండి. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి పోస్తే నాజిల్ దగ్గర తెల్లటి పొర కడుతుంది, పంపులోని సీలు తినేస్తుంది. కాలువ నీళ్లు తియ్యగానే ఉంటాయి గానీ వాటిలో ఒండ్రు ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక గుంటల్లో మిగిలిన నీళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. బాటిల్ అడుగున వేలు పెట్టి చూడండి, మెత్తటి బురద తగిలితే పంపు ఎందుకు పోతోందో తెలిసిపోతుంది. బాటిల్ ఊడదీసి గుప్పెడు బియ్యం, కాసిన్ని నీళ్లు వేసి గిలకొట్టి కడగండి. గ్రోమెట్ లోపల చిన్న జాలీ ఉంటే అదీ కడగండి. ఆ తరువాత ఆర్వో ప్లాంటు నీళ్లే పోయండి. ఇరవై లీటర్ల టిన్ను ఒకటి తెచ్చుకుంటే చాలా రోజులు వస్తాయి.

షాంపూ ప్యాకెట్టు చింపి పోసే పద్ధతి నాకు నచ్చదు. నురగ ఎక్కువై రాత్రిపూట ఎదుటి బండి లైటుకు అద్దమంతా మబ్బు కమ్ముతుంది. అయితే వరి ఈనే రోజుల్లో పచ్చ దీపపు పురుగులు లైట్లకు గుంపులుగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి, వైపర్ వేయగానే జిడ్డుగా పరుచుకుంటాయి. వాటికి ఉత్త నీళ్లు చాలవు, వాషర్ లిక్విడ్ కలపాల్సిందే.

ఇంకో కారణం, ఖాళీ బాటిల్‌తో లివర్ లాగి పట్టుకోవడం. ఈ మోటారు వేడిని ఎక్కువగా నీళ్లే లాగేస్తాయి. నీళ్లు లేకుండా తిప్పితే సీలు కాలుతుంది. నీళ్లున్నా సరే, పది సెకన్లకు మించి పట్టుకోకండి.

ప్రశ్న: లివర్‌లో స్విచ్ విరిగింది, మొత్తం సెట్టు ఖరీదు. విడిగా స్విచ్ పెట్టుకోవచ్చా? (తణుకు)

జవాబు: పెట్టుకోవచ్చు. హారన్ బటన్‌లాగా వదిలితే ఆగిపోయే రకమే కొనండి. ఆన్-ఆఫ్ స్విచ్ పెడితే ఏదో ఒకరోజు ఆపడం మరిచిపోతారు, పంపు ఖాళీ బాటిల్ మీద తిరుగుతూ కాలిపోతుంది. కరెంటు తాళం ఆన్ చేస్తేనే వచ్చే వైరు నుంచి తీసుకుని, దానికి దగ్గరలోనే విడిగా ఒక ఫ్యూజు వేయించండి. పాత లివర్ నుంచి పంపుకు పోయే వైరును పీకేసి చివర టేపు చుట్టడం మరవకండి.