అన్నం మానేస్తే బరువు దిగుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు వైపు. మావారి ఉద్యోగం వల్ల పదిహేనేళ్లుగా చెన్నైలో, పెరంబూర్‌లో ఉంటున్నాం. మా పాపకి పదహారేళ్లు. రెండేళ్లుగా వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. వచ్చే నెలాఖరున జిల్లా పోటీ. 53 కిలోల విభాగంలోనే పేరిస్తానని పట్టుబట్టింది. పొద్దున తూస్తే 54.8 ఉంది. రాత్రిపూట అన్నం మానేసింది. చివరి రెండు రోజులు నీళ్లు మానేసి, రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తితే దిగిపోతుందని తోటి పిల్లలు చెప్పారట. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, పెరంబూర్

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రి పాపకి అన్నం పెట్టండి. ఆ రెయిన్‌కోటు ఎక్కడైనా దాచేయండి. మీ భయం నిజమైనదే.

మన చెన్నై ఉక్క సంగతి మీకు తెలుసు. మామూలుగానే చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పైన రెయిన్‌కోటు కూడా వేస్తే లోపలి వేడి ఎటు పోతుంది? 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే రబ్బరు సూట్లు తొడుక్కుని బరువు దించబోయి చనిపోయారు.

నా సంగతీ చెబుతాను. 2003లో నాది 48 కిలోల విభాగం. ముందు రోజంతా నీళ్లు ముట్టలేదు. కాటా మీద 47.9 చూసి పొంగిపోయాను. పేరడిగితే నాలుక అంగిటికి అంటుకుపోయి చప్పున మాట రాలేదు. తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు నడుస్తుంది. ఆ కాస్త వ్యవధిలో ఎంత తాగినా ఒంటికి పట్టలేదు. స్నాచ్ అంటే బార్‌ని ఒకే ఊపులో తలపైకి ఎత్తడం. రోజూ అవలీలగా ఎత్తే 55 కిలోల స్నాచ్, మూడుసార్లూ పోయింది. మూడోసారి పిక్క పట్టేసి బార్ వెనక్కి జారిపోయింది. స్నాచ్‌నీ, ముందు భుజాల దాకా లేపి ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌నీ కలిపితేనే టోటల్. స్నాచ్ లేకపోతే టోటల్ లేదు, టోటల్ లేకపోతే స్థానం లేదు. ఏడాది కష్టం అక్కడే పోయింది.

అందుకే నా మాట ఒక్కటే: 58లో పేరివ్వండి. 53 దాటి 58 వరకు ఆ విభాగమే కాబట్టి మీ పాప ఈ పూట ఉన్నట్టుగానే అందులో సరిపోతుంది. ఎదిగే పిల్ల, ఎముకా కండా పెరిగే వయసు. పై విభాగానికి వెళ్లడం ఓటమి అనుకుంటోందేమో. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 1994, 95లో ప్రపంచ విజేత అయింది 54 కిలోల్లో. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం తెచ్చింది 69లో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి. ఈ సంగతి పాపకి చెప్పండి.

ఇంకోటి. ఒక పూట తూకం చూసి కంగారు పడకండి. లీటరు నీళ్లు తాగితే కిలో పెరుగుతాం. నెలసరికి ముందు ఒంట్లో నీరు నిలిచి కొందరికి కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది, తరవాత దానంతటదే పోతుంది. మీ ఇంట్లో రోజుకో కాగితం చించే క్యాలెండర్ ఉంటుందిగా, పొద్దున లేచి బాత్రూముకి వెళ్లొచ్చాక తూచి ఆ కాగితం మీద రాయమనండి. చించాక పారేయకుండా క్లిప్పు పెట్టి ఉంచండి. రెండు నెలలవి చూస్తే తన అసలు బరువేదో తెలుస్తుంది. ఈ తిండి మానడం వల్ల నెలసరి తప్పితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

పెద్దయ్యాక ఎప్పుడైనా పావుకిలో, అరకిలో తేడా వస్తే దానికి నీళ్లు మానక్కర్లేదు. చివరి రెండు రోజులు ఆకుకూరలు, చిక్కుళ్లు, సుండల్ (గుగ్గిళ్లు) పక్కన పెట్టి తెల్లన్నం, గుడ్డు, పెరుగు తింటే కడుపులో మిగిలే చెత్త తగ్గుతుంది. ఊరగాయ, అప్పడం ఆపితే ఉప్పుతో నిలిచిన నీరు కొంత దిగుతుంది. నీరు దించే మాత్రలు ఎవరిచ్చినా ముట్టనివ్వకండి. అవి నిషేధిత మందుల జాబితాలో ఉన్నాయి.

పోటీ రోజు మీరూ వెళ్లండి. తూకం అవగానే చేతికివ్వడానికి సీసాలో ఓఆర్ఎస్, రెండు అరటిపళ్లు, చక్కెర అద్దిన చిన్న ఇడ్లీలు పట్టుకెళ్లండి. ఇడ్లీ మీద నెయ్యి మాత్రం వేయకండి, త్వరగా అరగదు.