నల్లపావులొస్తే డ్రా చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. చెస్ టోర్నమెంట్లో తెల్లపావులొస్తే హుషారుగా ఆడతాడు, నల్లపావులనగానే టెన్షన్, "డ్రా అయితే చాలమ్మా" అంటాడు. పెద్ద ఆటగాళ్లు నల్లపావులతో గెలిచిన ఆట ఒకటి చెప్తారా, వాడికి చూపిస్తాను.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొదటి ఎత్తు తెల్లదే కాబట్టి అటువైపు కాస్త మొగ్గు ఉన్నమాట నిజమేనండీ. కానీ స్విస్ పద్ధతి (ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను జతకలిపే) టోర్నమెంట్లలో దాదాపు సగం ఆటలు నల్లపావులతోనే ఆడాలి, ఆ సగమూ డ్రా చాలనుకుంటే ప్రైజు దాకా ఎలా వెళ్తాడు?

2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో, టాటా స్టీల్ టోర్నమెంట్లో ఆర్మేనియా గ్రాండ్‌మాస్టర్ అరోనియన్ మీద మన విశ్వనాథన్ ఆనంద్ ఆడిన ఆట చూపించండి. నల్లపావులతో 23 ఎత్తుల్లో ముగించాడు.

13వ ఎత్తులో అరోనియన్ గుర్రం హెచ్7 (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) బంటును తినేసి పక్కనున్న ఏనుగుకు గురిపెట్టింది. ఆనంద్ ఏనుగును కాపాడుకోలేదు, తన గుర్రాన్ని జి4కి దూకించి రాజు మీదికి వెళ్లాడు. 16వ ఎత్తులో రెండో గుర్రాన్నీ ఇ5లో పెట్టాడు. అక్కడ బోర్డు ఆపి, తెల్లవాళ్లు తినగలిగే నల్లపావులెన్నో మీవాణ్ని లెక్కపెట్టమనండి. బి5 బంటును పక్కనపెడితే రెండు గుర్రాలు, ఒక బిషప్, ఒక ఏనుగు! ఆ ఇ5 గుర్రాన్ని బంటుతో తింటే మాత్రం డి4లో నల్ల క్వీన్ చెక్ ఇస్తుంది, రాజు మూలకు పోతాడు, క్వీన్ నేరుగా జి1కి వెళ్లి బలైపోతుంది, దాన్ని తెల్ల ఏనుగే తినాలి, వెంటనే గుర్రం ఎఫ్2కి వచ్చి మేట్. రాజు చుట్టూ సొంత పావులే, కదిలే చోటుండదు.

అరోనియన్ అందులో పడలేదు, జి4 గుర్రాన్ని తిన్నాడు, అయినా ఒడ్డెక్కలేదు. చివరి ఎత్తు నాకైతే మరీ ఇష్టం: హెచ్3 బంటును తెల్ల క్వీన్ దూరం నుంచి కాపలా కాస్తుంటే ఆనంద్ తన బిషప్‌ను మధ్యలో ఇ3లో పెట్టి దారి మూసేశాడు, అరోనియన్ అక్కడితో ఓటమి ఒప్పుకున్నాడు.

ఇదంతా అప్పటికప్పుడు బోర్డు ముందు పుట్టిందనుకోనివ్వకండి. 2012లో ఇజ్రాయెల్ ఆటగాడు గెల్ఫాండ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ కోసం ఇంట్లో తయారుచేసుకున్న సరుకే ఇక్కడ పనికొచ్చింది. మీవాడు కూడా నల్లపావులకు ఒక్క ఓపెనింగైనా బాగా నేర్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది నచ్చితే 1907లో పోలెండ్‌లోని లోడ్జ్‌లో రాట్లేవీ మీద రూబిన్‌స్టీన్ నల్లపావులతో గెలిచిన ఆట కూడా వెతికి చూపించండి. అందులోనూ ఆనంద్ ఆటలోలాగే రెండు నల్ల బిషప్‌లు తెల్ల రాజు వైపు గురిపెట్టి ఉంటాయి, పైగా రూబిన్‌స్టీన్ తన క్వీన్‌ను తినమని వదిలేసి మరీ గెలుస్తాడు.