కారు సందేహాలు: ఫ్యాన్ నాలుగో నంబర్‌లోనే తిరుగుతోంది

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. ఏసీ వేసినా, హీటర్ వేసినా ఫ్యాన్ 1, 2, 3 నంబర్లలో కదలదు. 4లో పెడితే హోరుమని కొడుతుంది. వానలో ముందు అద్దానికి ఆవిరి పడితే ఆ మోత భరిస్తూనే నడపాలి. బ్లోయర్ మోటార్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చాలా?
– పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. 4లో హోరుమని తిరిగే మోటార్ పోయిందని ఎలా అంటారు? ఇది రెసిస్టర్ చేసే పని. తిప్పే స్విచ్ ఉన్న కార్లలో కింది మూడు నంబర్లకూ కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, కాబట్టే వేగం తగ్గుతుంది. 4లో దాన్ని తప్పించి నేరుగా మోటార్‌కు అందుతుంది. రెసిస్టర్ మీద వేడెక్కితే తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. అది తెగితే మూడు నంబర్లూ ఒకేసారి పోతాయి.

చాలా కార్లలో ఎడమ సీటు ముందున్న గ్లవ్ బాక్స్ దించితే బ్లోయర్ కనిపిస్తుంది. దాని పక్కనే గాలి వెళ్లే పెట్టెకు ఒకటి రెండు స్క్రూలతో బిగించిన చిన్న ప్లాస్టిక్ ముక్కే రెసిస్టర్. తాళం ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి విప్పండి. అక్కడ పసుపు రంగు వైర్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. రెసిస్టర్ విప్పాక మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి పిన్నుల మధ్య చూడండి. బాగుంటే అర ఓం నుంచి మూడు నాలుగు ఓంల దాకా చూపిస్తుంది. తెగి ఉంటే మీటర్ అంకె చూపకుండా ‘OL’ అనో, ఎడమ పక్కన ఒంటి ‘1’ అనో చూపిస్తుంది. రెసిస్టర్‌కు వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్, అంటే కప్లర్‌ను కూడా వెలుగులో పెట్టి చూడండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పాకంలా కారి గడ్డకట్టి ఉంటే రెసిస్టర్ ఒక్కటే మార్చి లాభం లేదు. అంతే మందం వైర్లున్న కొత్త కప్లర్ కూడా వేయించాలి.

రెసిస్టర్ ఊరికే కాలదు, అసలు చూడాల్సింది అక్కడే. దాన్ని గాలి దారిలో బిగించిందే ఆ గాలికి చల్లబడాలని. ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ముతో, కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి రెసిస్టర్ మాడుతుంది. ఫిల్టర్‌ను ట్యూబ్‌లైట్‌కు అడ్డం పెట్టండి. వెలుగు ఆనకపోతే దులిపి లాభం లేదు, పారేయండి. మోటార్ బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగినా రెసిస్టర్ మాడుతుంది. మోటార్ విప్పి ఫ్యాన్‌ను వేలితో తిప్పండి. వదిలాక కాసేపు తిరిగి ఆగాలి. గరగరమని వెంటనే ఆగితే అప్పుడు మెకానిక్ మాట వినొచ్చు. ఈ రెండూ చూడకుండా వేసిన కొత్త రెసిస్టర్ మళ్లీ త్వరగానే కాలుతుంది.

కారు విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో కొనేటట్టయితే పాత రెసిస్టర్‌ను చేత్తో తీసుకెళ్లి, దాని మీది నంబర్ చూపించి తీసుకోండి. పిన్నులు సరిపోయినా లోపలి విలువలు వేరే ఉండొచ్చు. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ కార్లలో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది.

ప్రశ్న: మా కారులో ఫ్యాన్ ఏ నంబర్‌లోనూ తిరగదు. గుంతలో పడ్డప్పుడు మాత్రం ఒక్కోసారి తిరుగుతుంది. ఫ్యూజ్ బాగానే ఉంది.
– పాఠకురాలు, యలహంక

జవాబు: స్విచ్ 4లో పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ డబ్బాను మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్టే, మోటార్ మార్చాల్సిందే. తిరగకపోతే మోటార్ కప్లర్ తగిలించే ఉంచి, మీటర్ మొనలను వెనక నుంచి గుచ్చి రెండు పిన్నుల మధ్య వోల్టేజి చూడండి. బాడీకి ఒక మొన పెట్టి చూస్తే మోసపోతారు, చాలా కార్లలో స్విచ్ ఎర్త్ (మైనస్) వైపు ఉంటుంది. 12 వోల్టులు వచ్చినా తిరగకపోతే తప్పు మోటార్‌ది. రాకపోతే రిలే (మోటార్‌కు కరెంటు కలిపే చిన్న డబ్బా), స్విచ్, ఎర్త్ వైరు చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆపే కారయితే ఎలుకలు కొరికిన వైర్ల కోసం కూడా వెతకండి. ఇక ఎప్పుడైనా ఫ్యూజ్ పోతే 30 ఆంపియర్ల చోట 40ది వేయనివ్వకండి. ఫ్యూజ్ మిగిలి వైరు కాలుతుంది.

ప్రశ్న: హిందూపురం వెళ్లేటప్పుడు గంట తర్వాత గాలి సన్నగిల్లుతోంది. ఫ్యాన్ మోత మాత్రం తగ్గదు.
– పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: మోత తగ్గలేదంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టే. లోపల కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి గాలికి అడ్డుపడుతోంది. ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్‌ను 4లో పది నిమిషాలు నడపండి. గాలి తిరిగి వస్తే అదే కారణం. ముందు ఫిల్టర్, తర్వాత కాయిల్ దగ్గరి టెంపరేచర్ సెన్సార్, ఆపైన గ్యాస్ ప్రెషర్ చూపించండి.