నెట్‌వర్కింగ్ గ్రూపు ఫీజు గిట్టుబాటు అవుతోందా?

ప్రశ్న: ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. ఎనిమిది నెలల క్రితం, సభ్యులు ఒకరికొకరు కస్టమర్లని పంపుకునే ఒక బిజినెస్ నెట్‌వర్కింగ్ గ్రూపులో చేరాను. వారానికోసారి పొద్దున్నే మీటింగ్, ఒక్కటి కూడా మానలేదు. ఇప్పటిదాకా మూడు రిఫరల్స్ వస్తే ఒకటే పనిగా మారింది. దాని మీద మిగిలింది ఏడాది ఫీజుకి సరిపోయింది, అంతే. "ఆ టైమ్‌లో సైటు దగ్గరుంటే నయం కదా" అంటుంది మా ఆవిడ. నాలుగు నెలల్లో రెన్యువల్ ఉంది. కట్టాలా, మానేయాలా?

జవాబు: ఫీజు తిరిగొచ్చింది కాబట్టి కనీసం నష్టమైతే లేదని మీ లెక్క. మీ ఆవిడ లెక్క వేరు, నా ఓటు ఆవిడకే. ఇలాంటి గ్రూపుల్లో ఫీజు చిన్న ఖర్చు. అసలు ఖర్చు మీ గంటలు.

మీటింగ్ గంటన్నర, రానుపోను ఒక గంట, సరిగ్గా చేస్తే వారంలో ఒక సభ్యుడితో విడిగా కూర్చునే వన్-టు-వన్ ఇంకో గంట. వారానికి మూడున్నర గంటలు. ఏడాదికి 50 వారాలు వేసుకున్నా 175 గంటలు, అంటే రోజుకి 8 గంటల చొప్పున దాదాపు 22 పనిరోజులు. ఏడాదికి 2,400 గంటలు పనిచేసే మనిషికి ఇది 7 శాతం పైమాటే. కాబట్టి ఫీజు పోగా, మీ ఏడాది లాభంలో ఇంకో 7 శాతమైనా ఆ గ్రూపు వల్ల రావాలి. అప్పుడు గాని లాభనష్టాలు సరిసమానం కావు. మీరింకా అక్కడికి రాలేదు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. గ్రూపులో లేచి నిలబడి "ఫలానా సభ్యుడి వల్ల ఇంత బిజినెస్ వచ్చింది" అని చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు మొత్తం బిల్లుకి. ప్లైవుడ్, హార్డ్‌వేర్, వడ్రంగి కూలీ, రవాణా పోగా 100లో మీకు మిగిలేది 20 అయితే, మీ నోట్‌బుక్‌లో 20 మాత్రమే రాయండి. మీరు మిగిలినదే చెప్పారు కాబట్టి ఈ విషయంలో మీరు నయం.

మరి మూడే రిఫరల్స్ ఎందుకొచ్చాయి? ప్రతి మీటింగులో ఒక నిమిషం పరిచయం ఉంటుంది కదా, అందులో మీరేం చెబుతున్నారో నేను ఊహించగలను. "ఇళ్ళకీ ఆఫీసులకీ అన్ని రకాల ఇంటీరియర్ పనులు చేస్తాం, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి." అన్ని రకాలు అన్నప్పుడు వినేవాడి బుర్రలోకి ఒక్క మొహం కూడా రాదు. దాని బదులు ఇలా అడిగి చూడండి: "ఈ నెలలో ఫ్లాట్ తాళాలు చేతికొచ్చి, ఇంకా గృహప్రవేశం చేయనివాళ్ళు కావాలి." హోమ్ లోన్ చూసే సభ్యుడికి వెంటనే ఇద్దరు గుర్తొస్తారు. మరో వారం: "పిల్లలకి విడిగా గది చేయించాలనుకుంటున్నవాళ్ళు." ఒక్కో వారం ఒక్కో రకం మనిషినే అడగండి.

గ్రూపులో ఉన్నవాళ్ళే మీ కస్టమర్లు అనుకోకండి. వాళ్ళకి తెలిసినవాళ్ళు మీ కస్టమర్లు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికవేత్త 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఒక మాట అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుంటారు అని. తరచుగా అన్నవాళ్ళు 17 శాతం లోపే. మిగతావాళ్ళకి ఆ కబురు తెచ్చింది ఎప్పుడో ఒకప్పుడు కలిసే మనుషులు. దగ్గరివాళ్ళకి తెలిసింది మనకి ముందే తెలిసి ఉంటుంది. గ్రూపు విలువ ఆ రెండో వరసలో, అంటే సభ్యులకి తెలిసినవాళ్ళలో ఉంది. అక్కడికి దారి మీటింగ్ హాలు కాదు, వన్-టు-వన్‌లు. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు!

గ్రూపులో అందరితోనూ కూర్చోనక్కర్లేదు. మీ కస్టమర్ దగ్గరికి మీకంటే ముందు వెళ్ళేదెవరో చూడండి: ఫ్లాట్లు అమ్మిపెట్టేవాళ్ళు, లోన్ ఇప్పించేవాళ్ళు, ఆర్కిటెక్ట్, ఎలక్ట్రీషియన్, సామాన్లు షిఫ్ట్ చేసేవాళ్ళు. ఇలాంటివాళ్ళు ఐదారుగురు చాలు. కలిసినప్పుడు సగం సేపు వాళ్ళకి ఎలాంటి కస్టమర్ కావాలో అడిగి రాసుకోండి. మీరు రోజూ ఇళ్ళలోనే తిరుగుతారు కాబట్టి వాళ్ళకి పనికొచ్చే కబుర్లు మీ దగ్గర బోలెడుంటాయి. ఇలాంటి గ్రూపులు నడిపే బీఎన్‌ఐ అనే సంస్థని 1985లో మొదలుపెట్టిన ఐవాన్ మిస్నర్ ఈ ప్రయాణాన్ని మూడు మెట్లుగా చెబుతాడు: ముందు నలుగురికీ కనిపించడం, తర్వాత నమ్మకం, ఆ తర్వాతే లాభం. ఎనిమిది నెలల హాజరుతో మీరు మొదటి మెట్టు ఎక్కారు, అక్కడే ఆగారు.

రిఫరల్ వచ్చిన రోజే ఫోన్ చేయండి. నేనూ రెండేళ్ళు ఇలాంటి గ్రూపులో ఉన్నాను. నా క్లయింట్ ఒకాయన్ని ఒక సభ్యుడికి అప్పజెప్పాను. పది రోజులైనా ఆ సభ్యుడు ఫోన్ చేయలేదు. చివరికి క్లయింటే నాకు ఫోన్ చేసి, "మీవాడు బిజీ అనుకుంటా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు గానీ తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ సభ్యుడికి నా దగ్గర్నుంచి ఒక్క పేరు కూడా వెళ్ళలేదు, ఎందుకో అతనికి తెలియనూ తెలియదు. మీకొచ్చిన మూడింటిలో పని కాని ఆ రెండూ ఏమయ్యాయో, పంపినవాళ్ళకి మీరు చెప్పారా?

ఫైనాన్షియల్ ప్లానర్‌గా ఒక హెచ్చరిక కూడా. మొహమాటంతో గ్రూపులో పాలసీలు కొనడం, సభ్యులకి చేబదుళ్ళివ్వడం, "మనవాళ్ళందరం కలిసి పెడుతున్నాం" అనే స్కీముల్లో చేరడం, ఈ మూడూ వద్దు. అమెరికాలో 2008లో బయటపడిన బెర్నార్డ్ మేడాఫ్ పెట్టుబడుల మోసం క్లబ్బు పరిచయాల మీద, ఒకరిని చూసి ఒకరు నమ్మడం మీద పాకింది. సభ్యుడి దగ్గర కొనాలనిపిస్తే బయట రెండు కొటేషన్లు తెప్పించుకున్నాకే కొనండి.

ఇక మీ ప్రశ్న. ఇప్పుడే మానకండి. ఈ ఏడాది ఫీజు ఎలాగూ కట్టేశారు, ఈ నాలుగు నెలలకి మీకయ్యే కొత్త ఖర్చు గంటలే. నేను చెప్పినట్టు అడగడం, ఐదారుగురితో కూర్చోవడం మొదలుపెట్టండి. రెన్యువల్‌కి రెండు వారాల ముందు చూసుకోండి: మంచి రిఫరల్స్ కనీసం మరో ఐదు వచ్చి, రెండు పనులు ఖాయమైతే ఇంకో ఏడాది కట్టండి. రాకపోతే దండం పెట్టి బయటికి రండి. "ఒక వృత్తికి ఒక్కరే, మీరు వదిలితే ఆ సీటు మీ పోటీదారు పట్టుకుపోతాడు" అని భయపెడతారు. పట్టుకుపోనివ్వండి, ఆ 175 గంటలూ అతనే పెట్టుకుంటాడు. రెన్యువల్ డబ్బు మాత్రం వ్యాపారం ఖాతాలోంచే కట్టాలి, ఇంటి ఖర్చుల్లోంచి తీయొద్దు, క్రెడిట్ కార్డు మీద అసలే వద్దు.

ఆ నోట్‌బుక్ మీ ఆవిడ చేతికివ్వండి. నాలుగు గడులు గీస్తే చాలు: ఎవరు పంపారు, ఏ రోజు ఫోన్ చేశారు, ఎంత మిగిలింది, ఆ నెల ఎన్ని గంటలు పోయాయి. మూడో గడి మీరు నింపండి, నాలుగోది ఆవిడని నింపనివ్వండి.